పగిలిన పెంకుల ఊరు: జింగ్‌డెజెన్ యాత్ర

శుక్రవారం

షాంఘైలో పొద్దున్నే ఎక్కిన హైస్పీడ్ రైలు హాంగ్‌జౌ, హువాంగ్‌షాన్ మీదుగా సొరంగాల్లో దూరుతూ వచ్చి భోజనాల వేళకు జింగ్‌డెజెన్ ఉత్తర స్టేషన్‌లో దించింది. నాతో మా బావమరిది ఉన్నాడు. షాంఘైలో ఉద్యోగం చేస్తూ చైనీస్ బాగానే పట్టేశాడు. అతను లేకపోతే సైగలతోనే నెట్టుకురావాల్సి వచ్చేది. హువాంగ్‌షాన్ నుంచి నాన్‌చాంగ్ వెళ్ళే ఈ కొత్త లైను 2023 డిసెంబరులో మొదలైంది కాబట్టి ఇప్పుడు ఈ ఊరికి రావడం తేలిక.

పింగాణీకి పేరుపడ్డ ఈ ఊరు జియాంగ్‌షీ ప్రావిన్స్‌కి ఈశాన్య మూలన ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో చాంగ్ నది. కొండల్లో పింగాణీకి పనికొచ్చే రాయి, తెల్లమట్టి దొరుకుతాయి. కాల్చడానికి పైన్ కట్టెలు, సరుకు దాటించడానికి పడవలు కూడా ఇక్కడే. 1004లో సోంగ్ చక్రవర్తి జెన్‌జోంగ్ తన పాలనా శకానికి పెట్టుకున్న 'జింగ్‌డె' అనే పేరునే ఈ ఊరికి ఇచ్చాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఇక్కడ బట్టీలు ఏదో ఒక రూపంలో కాలుతూనే ఉన్నాయి.

"గిన్నెలు చూడ్డానికి చైనా దాకా ఎందుకండీ" అని బయలుదేరే ముందు మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మంచి గిన్నెలు చూడాలంటే ఇక్కడికి రానక్కర్లేదు. రాజుల కోసం చేసినవి బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలోనూ తైపీలోనూ ఉన్నాయి. సుల్తానులు కొనుక్కున్నవి ఇస్తాంబుల్‌లోని టోప్‌కాపీ ప్యాలెస్‌లో వేలల్లో ఉన్నాయి. 1351 అని తేదీ రాసి ఉన్న, ఏనుగు తలల పిడుల జాడీల జంట లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అంతదూరం ఎందుకు, మన సాలార్‌జంగ్‌లోనే చైనా పింగాణీకి గదులున్నాయి. ఈ ఊరు తను చేసిన మంచివాటన్నిటినీ బయటికి పంపేసింది. తన దగ్గర మిగిలినవి వంకరపోయినవి, అంటుకుపోయినవి, పగలగొట్టి పూడ్చిపెట్టినవి. నేను చూడాలనుకున్నది వాటినే.

సాయంత్రం టావ్‌యాంగ్‌లీ అనే పాతపేటలో తిరిగాం. సందులన్నీ బట్టీల దగ్గర మొదలై నది రేవు వైపు దిగుతాయి, సరుకు మోసుకెళ్ళడానికి అనువుగా. ఇళ్ళ గోడలు చూస్తే ఊరి సంగతి సగం తెలిసిపోతుంది. బట్టీ లోపలి ఇటుకలు కొన్నేళ్ళ మంటకు అరిగిపోతే విప్పేసి కొత్తవి పేరుస్తారు. ఆ విప్పిన ఇటుకలతో ఇళ్ళు కట్టుకున్నారు. కొన్నిటి మీద బూడిద కరిగి గాజులా పేరుకుని, లైటు పడితే ఆకుపచ్చగా మెరుస్తోంది. ఇటుకలు చాలనిచోట, గిన్నెల్ని కాల్చేటప్పుడు మంట తగలకుండా మూసిపెట్టే మట్టి డబ్బాలను పేర్చి మట్టి పూశారు. కొన్ని సందులకు మరీ రంగులేసి, టీ కొట్లు పెట్టి, లాంతర్లు వేలాడదీశారు. నాకు అవి నచ్చలేదు. లాంతర్లు లేని సందుల్లోనే ఎక్కువ సేపు నిలబడ్డాను.

రాత్రి భోజనం గురించి ఒక్క మాట. చైనా తిండి చప్పగా ఉంటుందనుకునేవాళ్ళు జియాంగ్‌షీ రావాలి. ఇక్కడ 'లెంగ్‌ఫెన్' అని, లావుపాటి బియ్యపు నూడుల్స్‌లో కారం, వెల్లుల్లి కలిపి చల్లగానే పెడతారు. మా గుంటూరు బావమరిది రెండో ముద్దకే మంచినీళ్ళ సీసా వెతుక్కున్నాడు. ఆవిరి మీద ఉడికించే 'జియావ్‌జీ బా' లో కూరలు, సోయా పనీర్ పెట్టినవి కూడా దొరుకుతాయి కాబట్టి శాకాహారులు పస్తుండక్కర్లేదు. అయితే పంది కొవ్వు వాడారా అని ప్రతిసారీ అడగాల్సిందే.

శనివారం

పొద్దున పాత శిల్పాల ఫ్యాక్టరీ ఆవరణలో కుర్రకారు పెట్టుకునే సంత చూశాం. కప్పులు, చెవిపోగులు, పిల్లి బొమ్మలు. బాగుంది, కానీ గంట చాలు.

మిగతా రోజంతా రాజ బట్టీలకే సరిపోయింది. ఊరి నడిబొడ్డున జూషాన్ అనే చిన్న గుట్ట ఉంది. మింగ్, చింగ్ రాజవంశాల కాలంలో చక్రవర్తి వాడకానికి మాత్రమే పింగాణీ చేసిన కార్ఖానా ఈ గుట్ట చుట్టూ ఉండేది. 1911లో రాచరికం పోయేదాకా నడిచింది. బీజింగ్ నుంచి ఆర్డరు వచ్చేది. ఎన్ని పళ్ళేలు, ఎంత కొలత, ఏ బొమ్మ అన్నీ అందులోనే ఉండేవి. ఆ ఆర్డర్లు మామూలువి కావు. 1571లో ఒక్కసారే లక్షా అయిదు వేలకు పైగా వస్తువులు కావాలని వచ్చింది.

డ్రాగన్ గోరు ఒకటి చెరిగినా, ఎరుపు కాస్త కాలేయం రంగుకు తిరిగినా, అంచు వెంట్రుకవాసి వంగినా ఆ వస్తువు రాజుకు పనికిరాదు. రాజు గుర్తు ఉన్నది కాబట్టి ఇంకెవరూ వాడకూడదు. అందుకని మింగ్ కాలంలో దాన్ని అక్కడికక్కడే పగలగొట్టి గుంటలో వేసి పూడ్చేవాళ్ళు. ఏ కాలపు గుంట ఆ కాలానిదే. 1980ల నుంచి పురావస్తు శాస్త్రవేత్త లియూ షిన్‌యువాన్, ఆయన బృందం ఈ గుట్ట చుట్టూ, రోడ్లకు పునాదులకు తవ్వినచోటల్లా దిగి, ఆ పెంకులు ఏరి, పొర పొరగా విడదీసి అతికించారు. ఏ చక్రవర్తి కాలంలో ఏం చేయబోయి చెయ్యలేకపోయారో ఇప్పుడు తెలుస్తోందంటే ఆ చెత్తకుండీల పుణ్యమే. బీజింగ్‌లో దాచిన వస్తువులు గెలిచిన ప్రయత్నాలను మాత్రమే చూపిస్తాయి. ఓడిపోయినవి ఇక్కడున్నాయి.

రాజ బట్టీల మ్యూజియం 2020లో తెరిచారు. జూ పే అనే ఆర్కిటెక్టు కట్టాడు. బట్టీల పైకప్పుల్లా ఒంపు తిరిగిన ఎనిమిది పొడవాటి ఇటుక గదులు పక్కపక్కనే పడుకున్నట్టు ఉంటాయి. కొత్త ఇటుకలతో పాటు పాత బట్టీల నుంచి వచ్చినవి కూడా వాడారు. పునాదులు తీస్తుంటే పాత కట్టడాల ఆనవాళ్ళు బయటపడితే వాటిని వదిలిపెట్టి ప్లాను మార్చుకున్నారట. లోపలికి వెళ్ళడానికి పాస్‌పోర్టు నంబరుతో ముందే బుక్ చేసుకోవాలి.

లోపల అతుకుల గీతలు దాచకుండా చూపించడం నాకు బాగా నచ్చింది. చెంగ్‌హువా చక్రవర్తి కాలపు కోడి బొమ్మల కప్పులు ఉంటాయి. పుంజు, పెట్ట, పిల్లలు, పక్కన పూల మొక్క. ఇలాంటి కప్పే ఒకటి, పగలనిది, 2014లో హాంగ్‌కాంగ్ వేలంలో 28 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లకు పైగా పలికింది. కొన్న కోటీశ్వరుడు లియూ ఇచియాన్ అందులో టీ పోసుకుని తాగి, ఫొటో తీయించుకుని దేశమంతటా తిట్లు తిన్నాడు. ఇక్కడి కప్పులకు పెంకులు పూర్తిగా దొరకలేదు. లేనిచోట తెల్లటి ప్లాస్టరు నింపారు. ఒకదానిలో కోడిపిల్లకు కాళ్ళున్నాయి, తల లేదు.

షువాన్‌డె చక్రవర్తి గదిలో కీచురాళ్ళ డబ్బాలు ఉన్నాయి. ఆయన 1425 నుంచి 1435 వరకు పాలించాడు. కీచురాళ్ళ పందేలంటే పిచ్చి. పురుగులను ఉంచడానికి డ్రాగన్లు, పక్షులు గీసిన పింగాణీ డబ్బాలు చేయించుకున్నాడు. మన కోడిపందేల వాళ్ళు కోడిని సాకే శ్రద్ధను ఇలా పురుగు మీద పెట్టిన రాజు ఇంకెక్కడా లేడేమో. ఆయన పోయాక ఆ వ్యసనానికి గుర్తుగా ఏమీ మిగలకూడదని వీటిని పగలగొట్టించి ఉంటారని లియూ షిన్‌యువాన్ వాదించాడు. పెంకులు చాలా ఉన్నాయి. పందెం సరదా ఎంత ముదిరిందో వాటిని చూస్తే అర్థమవుతుంది.

చింగ్ రాజులొచ్చాక లెక్క మారింది. పగలగొట్టడం దండగనిపించింది. చియాన్‌లోంగ్ చక్రవర్తి కాలంలో రెండో రకం సరుకును ఊళ్ళోనే అమ్మడానికి ఒప్పుకున్నారు. రాజు ఒక్కడికే చెల్లే పసుపు రంగువి తప్ప. ఖజానాకు మంచిదే, పురావస్తు శాస్త్రానికి మాత్రం నష్టం. ఆ కాలపు గుంటలు మింగ్ గుంటల్లాగా మాట్లాడవు.

ఈ కార్ఖానా అధికారుల్లో టాంగ్ యింగ్ అనే ఆయన్ను నేను ప్రత్యేకంగా చెప్పుకుంటాను. 1728లో రాజాస్థానం నుంచి ఇక్కడికి వచ్చాడు. వచ్చేటప్పటికి పింగాణీ గురించి ఏమీ తెలియదు. స్నేహితులు, విందులు అన్నీ మానేసి, మూడేళ్ళ పాటు పనివాళ్ళతో కలిసి తిని, వాళ్ళతోనే ఉండి పని నేర్చుకున్నానని ఆయనే రాసుకున్నాడు. 1743లో చక్రవర్తి ఆజ్ఞ మీద, రాయి తవ్వడం దగ్గర్నుంచి పెట్టెల్లో సర్దడం దాకా ఇరవై చిత్రాలకు వివరణ రాశాడు. ఈ ఊరి పనిని అధికారి కంటితో కాక పనివాడి కంటితో చూసి రాసిన కాగితం అది.

అధికారులంతా అలాంటివాళ్ళు కాదు. కార్ఖానా పక్కనే అగ్నిదేవుడి గుడి ఉండేది. ఆ దేవుడు ఒకప్పుడు మామూలు పనివాడు, పేరు టోంగ్ బిన్. వాన్‌లీ చక్రవర్తి పంపిన పాన్ షియాంగ్ అనే నపుంసక అధికారి పెద్ద డ్రాగన్ తొట్లు చేసి తీరాలని పట్టుబట్టాడు. అంత పెద్దవి బట్టీలో నిలవవు, చిట్లిపోతాయి. చిట్లినప్పుడల్లా పనివాళ్ళకు దెబ్బలు. 1599లో టోంగ్ బిన్ ఆ బాధ చూడలేక మండుతున్న బట్టీలో దూకాడని, మర్నాడు తెరిస్తే తొట్టి చెక్కుచెదరకుండా వచ్చిందని కథ. దూకడం ఎంత నిజమో గానీ, తర్వాత పాన్ షియాంగ్ మీద ఊరు తిరగబడి అల్లర్లు చేయడం మాత్రం చరిత్రే. గుడి కట్టి దేవుణ్ణి చేసింది ఆ తర్వాతే. టోంగ్ బిన్ జీవితకథ రాసినవాళ్ళలో మన టాంగ్ యింగ్ కూడా ఒకడు.

ఆదివారం

పాత బట్టీల ప్రదర్శనశాల ఊరికి పశ్చిమాన చెట్ల మధ్య ఉంది. టికెట్టు ఖరీదెక్కువే. బస్సుల్లో దిగే టూర్ గుంపులు, జెండాలు పట్టుకున్న గైడ్లు. అయినా వదలకూడని చోటు, ఎందుకంటే చెయ్యి తిరిగిన పెద్దవాళ్ళు ఇక్కడ నిజంగా పనిచేస్తూ కనబడతారు.

మొదట సారె దగ్గర ఆగిపోయాను. నేల మట్టానికి పెద్ద చెక్క చక్రం. దాని మీదుగా వేసిన చట్రం మీద పనివాడు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పొడుగాటి కర్రను చక్రం గుంటలో పెట్టి గిరగిరా తిప్పి, కర్ర పక్కన పడేసి, మట్టి మీద చెయ్యి వేశాడు. మా ఊళ్ళో కుమ్మరి చేసేదీ ఇదే. "బావా, కాస్త పక్కకి జరగండి, వెనక జనం తోస్తున్నారు" అని మావాడు అనేదాకా నేను కదలలేదు.

తేడా ఆ తర్వాత మొదలవుతుంది. మన కుమ్మరి సారె మీదే కుండ రూపం చాలావరకు తేల్చేస్తాడు. ఇక్కడ సారె మీద వచ్చేది మందపాటి ముతక గిన్నె మాత్రమే. అది కాస్త ఆరాక ఇంకొకడు అచ్చు మీద బోర్లించి తట్టి కొలతకు తెస్తాడు. పూర్తిగా ఆరాక మూడోవాడు ఇనుప కత్తులతో లోపలా బయటా చెక్కుతాడు. గోడ పలచబడేదాకా చెక్కుతూనే ఉంటాడు, మధ్య మధ్య వేలితో కొట్టి శబ్దం వింటాడు. ఒక్క గీత ఎక్కువైతే చిల్లు. అడుగున మాత్రం పట్టుకోవడానికి వీలుగా మందపు పాదం వదిలేస్తాడు. బొమ్మలు, గ్లేజు (కాలితే గాజులా మెరిసే పూత) అయ్యాకే ఆ పాదాన్ని చెక్కి, కింద రాజు శకం పేరు రాస్తారు.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. చాలాచోట్ల గిన్నెను ఒకసారి కాల్చి, గట్టిపడ్డాక గ్లేజు పూసి, మళ్ళీ కాలుస్తారు. జింగ్‌డెజెన్ పాత పద్ధతిలో పచ్చి మట్టి మీదే నీలంతో బొమ్మ గీసి, పచ్చిగానే గ్లేజు పూసి, అంతా ఒక్క కాలుపులో ముగిస్తారు. పచ్చి మట్టి నీటిని లాగేస్తుంది కాబట్టి గీసిన గీతను దిద్దడానికి అవకాశం ఉండదు. పెద్ద జాడీలకు గ్లేజు పూసే తీరు చూడాలి. వెదురు గొట్టం ఒక చివర పల్చటి గుడ్డ కట్టి, గ్లేజులో ముంచి, రెండో చివర నుంచి నోటితో ఊదుతారు. తుంపర్లు సమంగా పడేదాకా మళ్ళీ మళ్ళీ ఊదాలి.

బొమ్మల గదిలో కూడా పని పంచుకునే ఉంది. గీతలు గీసేవాళ్ళు రంగు నింపరు. రంగు నింపేవాళ్ళు గీతలు గీయరు. నింపేవాళ్ళ కుంచె లావుగా, నిండా నీళ్ళ రంగుతో బరువుగా ఉంటుంది. కుంచె కొన మట్టికి తగలకుండా, రంగు చుక్కనే గీతల మధ్య నడిపించుకుపోతారు. అప్పుడు అది బూడిద రంగులో చప్పగా కనిపిస్తుంది. బట్టీలో కాలితేనే నీలం వస్తుంది. అంటే వేసేటప్పుడు రంగును కంటితో కాదు, జ్ఞాపకంతో వేయాలి.

జియాంగ్‌షీవాడే అయిన సోంగ్ యింగ్‌షింగ్ 1637లో అచ్చయిన తన పరిశ్రమల గ్రంథంలో, ఒక కప్పు పూర్తయ్యేసరికి 72 చేతులు మారుతుందని రాశాడు. ఇక్కడ ఉండి 1712లోనూ 1722లోనూ ఐరోపాకు ఉత్తరాలు రాసిన ఫ్రెంచి పాదరీ డాంట్రకోల్ కూడా డెబ్భై చేతులని అన్నాడు. ఆయన మత ప్రచారానికి వచ్చినవాడే గానీ, ఉత్తరాల నిండా మట్టి పాళ్ళు, గ్లేజు తయారీ, బట్టీ కొలతలు. పరిశ్రమ గూఢచర్యం అనే మాట అప్పటికి లేదు కాబట్టి సరిపోయింది.

బట్టీ గుడ్డును సగానికి కోసి నేల మీద పడుకోబెట్టిన ఆకారంలో ఉంది. లోపలికి వెళితే మనిషికి రెండింతల ఎత్తు. మట్టి డబ్బాల్లో గిన్నెలు పెట్టి, ఒకదాని మీద ఒకటి స్తంభాల్లా పేరుస్తారు. మంట నోటి దగ్గర ఒక వేడి, నడుమ ఒక వేడి, వెనక పొగగొట్టం దగ్గర ఇంకో వేడి. ఏ సరుకు ఎక్కడ పెట్టాలో తెలిసుండాలి. మంచి నీలం బొమ్మలవి మంచి చోటుకు, నాటు గిన్నెలు వెనక్కి. పైన్ కట్టెలే ఎందుకంటే వాటి మంట పొడుగ్గా సాగుతుంది, గంధకం తక్కువ, రంగులు చెడవు. వేడి 1300 డిగ్రీల దాకా వెళ్ళాలి. థర్మామీటరు లేని రోజుల్లో బట్టీ పెద్దమేస్త్రి చిన్న కన్నం లోంచి లోపలికి ఉమ్మి, ఆ ఉమ్మి ఎలా ఆవిరైందో చూసి వేడి చెప్పేవాడట. నమ్మబుద్ధి కాకపోయినా ఇక్కడ ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. గిన్నెలు చేసేవాళ్ళు వేరు, బట్టీ సొంతదార్లు వేరు. చేసినవాడు బట్టీలో చోటు అద్దెకు తీసుకుని కాల్పించుకునేవాడు. పెద్దమేస్త్రి లెక్క తప్పితే ఎందరి నెలల పనో ఒక్క రాత్రిలో బూడిదే.

రాత్రి టావ్‌షీచువాన్‌కి వెళ్ళాం. 1958లో పెట్టిన 'విశ్వ' పింగాణీ ఫ్యాక్టరీ ఇది. ఊళ్ళో ఉన్న పెద్ద సర్కారీ ఫ్యాక్టరీలన్నీ 1990లలో మూతపడి వేలమంది రోడ్డున పడ్డారు. దీన్ని 2016లో మ్యూజియం, కేఫ్‌లు, రాత్రి సంతగా మార్చారు. పొగగొట్టాలు అలాగే ఉంచారు. కింద దుకాణాలు పెట్టుకున్న పిల్లలంతా బయట ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఉద్యోగాలు వదిలేసి మట్టి పని నేర్చుకుంటున్నారు. సంబరంగానే ఉంది. కానీ అదే చోట ముప్పై ఏళ్ళు గిన్నెలకు రంగులేసిన ఆడవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారో అక్కడి కేఫ్ మెనూలో రాసి ఉండదు.

సోమవారం

తెల్లవారుజామున నాలుగింటికి మావాణ్ణి లేపడం మా అత్తగారి వల్లే కాలేదు, నా వల్ల అవుతుందా అనుకున్నాను. లేచాడు. సోమవారం పాత వస్తువుల సంత. చీకట్లో జరుగుతుంది కాబట్టి 'దెయ్యాల సంత' అంటారు. అందరి చేతుల్లో టార్చ్ లైట్లు. నేల మీద దుప్పట్లు పరిచి పెంకులు పోశారు. తామర రేకు ముక్క, చేప తోక, డ్రాగన్ కన్ను, ఎవరిదో ఇంటి పేరు సగం. బట్టీలో ఒకదానికొకటి కరిగి అంటుకుపోయిన అయిదారు గిన్నెల దొంతర కూడా ఉంది. ఎవరి నష్టమో అది.

అన్నీ పాతవి కావు. నిన్న చేసి, టీ నీళ్ళలో నానబెట్టి, మట్టి పూసి మింగ్ కాలపుదని అమ్మేవాళ్ళు బోలెడు. పోనీ నిజంగా పాతదే దొరికినా, 1911కి ముందువి దేశం దాటించడం చైనా చట్టం ఒప్పుకోదు. అందుకని చూడ్డమే తప్ప కొనలేదు. ఓ పెద్దాయన మాత్రం నన్ను కూర్చోబెట్టి పెంకు చదవడం చూపించాడు. అంచులో మట్టి తెల్లగా ఉందా, బూడిదగా ఉందా. పాదం ఎలా చెక్కారు. నీలంలో నల్లటి మచ్చలు లోపలికి దిగాయా, పైపైనే ఉన్నాయా. మింగ్ తొలి కాలంలో పశ్చిమాసియా నుంచి తెప్పించిన కోబాల్ట్‌లో, అంటే నీలం రంగునిచ్చే ఖనిజంలో, ఇనుము ఎక్కువ. అందుకే ఆ మచ్చలు. "వేలితో తడిమి చూడు" అన్నాడని మావాడు అనువాదం చేశాడు. నిజమే, గరుకుగా తగిలింది.

ఆ పెంకు చేతిలో ఉన్నప్పుడు నాకు మన కోస్తా గుర్తొచ్చింది. నెల్లూరు తీరంలో, కోట దగ్గరి కొత్తపట్నం తవ్వకాల్లో 13, 14 శతాబ్దాల చైనా పింగాణీ పెంకులు దొరికాయి. ఆ రోజుల్లో మన రేవులు ఎంత హడావిడిగా ఉండేవో మోటుపల్లి శాసనం చెబుతుంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇంతకు ముందు రాజులు లాక్కునేవాళ్ళు, నేను సుంకం తప్ప ఇంకేమీ ముట్టను అని ఓడ వర్తకులకు మాట ఇచ్చాడు. మా ఒంగోలు నుంచి మోటుపల్లి ఎంతో దూరం లేదు. చిన్నప్పుడు బీచ్‌కి వెళ్ళొచ్చేవాళ్ళం గానీ శాసనం వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు.

సోమవారం మ్యూజియాలకు సెలవు. మధ్యాహ్నం సాన్‌బావ్ లోయకు వెళ్ళాం. పింగాణీ రాయిని పొడి చేసే నీటి రోకళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఏటి నీళ్ళకు చక్రం తిరుగుతుంది, దుంగ రోకళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లేచి పడతాయి. ఆ పొడిని నీళ్ళ తొట్లలో తేర్చి, అడుగున పేరుకున్న మెత్తటి బురదను చిన్న తెల్ల ఇటుకల్లా కోసి ఊళ్ళోకి పంపేవాళ్ళు. లోయంతా ఇప్పుడు విదేశీ కళాకారుల స్టూడియోలు, ఖరీదైన హోటళ్ళు. రోకలి చప్పుడు వినడానికి హోటల్ వాళ్ళు అదనంగా డబ్బు తీసుకోకపోవడం సంతోషం.

మంగళవారం

రోజంతా వాన. పెద్ద పింగాణీ మ్యూజియంలో గడిపాం. అక్కడ అందరూ క్యూ కట్టేది ఒక అర్హతుడి (బౌద్ధ సిద్ధుడి) బొమ్మ ముందు. చెయ్యి ఆనించుకుని, 'ఇంక నావల్ల కాదు' అన్నట్టు మొహం పెట్టి కూర్చుంటాడు. ఇంటర్నెట్‌లో 'మాటల్లేని బోధిసత్వుడు' అని పేరు పెట్టారు. ఆఫీసు పనితో విసిగిన కుర్రాళ్ళు పక్కన అదే మొహం పెట్టి ఫొటో దిగుతున్నారు. మావాడూ దిగాడు. అతని మేనేజరుకు పంపొద్దని గట్టిగా చెప్పాను.

బుధవారం

చివరికి మట్టి దగ్గరికి. గావ్‌లింగ్ కొండ ఊరికి ఈశాన్యంగా, యాభై కిలోమీటర్ల లోపే. ప్రపంచమంతా తెల్లమట్టిని కెయోలిన్ అంటోందంటే అది ఈ కొండ పేరే. ఆ పేరును ఐరోపాకు మోసుకెళ్ళింది ఆ పాదరీ ఉత్తరాలే. మన గూడూరు సిరామిక్ కాలేజీలో పిల్లలు పాఠంలో చదివేదీ ఈ పేరే.

పింగాణీకి రెండు కావాలి. రాయి పొడి కరిగి గాజులా అతుక్కుంటుంది. కెయోలిన్ కరగదు, గిన్నె ఆకారం కూలకుండా నిలబెడుతుంది. ఒకటి కండ, ఇంకొకటి ఎముక అని ఇక్కడివాళ్ళ మాట. ఐరోపావాళ్ళెవరో రాయి ఇటుకలు మాత్రం కొనుక్కుపోయి పింగాణీ చేయబోతే కుదరలేదని, ఎముకలు లేకుండా కండతోనే ఒళ్ళు నిలబెట్టాలని చూశారని ఒక చైనా వర్తకుడు నవ్వాడట. పాదరీ ఆ ఎగతాళిని కూడా ఉత్తరంలో రాశాడు.

అడవిలోంచి రాతి మెట్ల దారి. దారి పక్కన పాత గనుల నోళ్ళు. వంగి దూరాల్సినంత చిన్నవి. కొండ వాలున వాగుల వెంట మట్టి కడిగిన గుంటల ఆనవాళ్ళు ఉన్నాయి. తవ్విన దాంట్లో మెత్తటి మట్టి కొంచెమే, మిగతాదంతా ఇసుక, అభ్రకం. కడిగాక మిగిలిన ఆ తెల్ల ఇసుకను వాలున పోసేవాళ్ళు. వందల ఏళ్ళ ఇసుక గుట్టలుగా పేరుకుంది. చెట్ల మధ్య ఎండ పడితే మంచులా తెల్లగా కనిపిస్తుంది. ఊరి పెంకుల కంటే ముందు చెత్త ఇది. గిన్నె కాకముందే పారేసినది.

కింద డోంగ్‌బూ రేవు. కొండ మీంచి బుజాల మీద దింపిన మట్టి ఇక్కడ పడవలెక్కి చాంగ్ నదిలోకి, జింగ్‌డెజెన్‌కి వెళ్ళేది. గిన్నెలయ్యాక అదే నది మీదుగా పోయాంగ్ సరస్సుకు దిగి, కొన్ని ఉత్తరాన బీజింగ్‌కు, కొన్ని దక్షిణాన కొండ కనుమ దాటి గ్వాంగ్‌జౌ రేవుకు వెళ్ళేవి. ఇప్పుడు రేవు వీధిలో ముసలివాళ్ళు పేకాడుతున్నారు, కొన్ని ఇళ్ళ ముందు టీ ఆకు ఆరబోశారు. ఈ ప్రాంతపు ఫూలియాంగ్ టీకి టాంగ్ రాజుల కాలం నుంచి పేరు. పింగాణీ ఒక్కదానితోనే బతికిన ప్రాంతం కాదిది.

మాతో వచ్చిన కారు డ్రైవరు ఈ పక్క ఊరివాడే. ఇప్పుడు ఇక్కడ మట్టి తవ్వుతారా అని అడిగించాను. మంచి మట్టి ఎప్పుడో అయిపోయింది, తర్వాత లూషాన్ కొండల దగ్గరి షింగ్‌జీ నుంచి తెచ్చుకున్నారు, ఇప్పుడు ఎక్కువగా ఫుజియాన్‌లోని లోంగ్‌యాన్ నుంచి లారీల్లో వస్తోంది అన్నాడు. పనివాళ్ళు కూడా ఎప్పుడూ బయటివాళ్ళే, మా తాత డూచాంగ్ నుంచి వచ్చాడు అన్నాడు. మరి ఊరి సొంతం ఏముంది అని మావాడు అడిగితే, "బట్టీ మంట" అని, కాసేపు ఆగి, "అదీ ఇప్పుడు గ్యాసే" అన్నాడు. యావ్‌లీ పాత ఊరు చూపిస్తానని తొందరపెట్టాడు, చీకటి పడితే ఘాట్ రోడ్డులో నడపడం తనకు ఇష్టం లేదట.